పాస్ ‘వదిలేశాడా’, ‘జారవిడిచాడా’?

సందేహం: మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్, అంటే విసిరిన పాసులు పట్టేవాడు. ఆటల కబుర్లు గుంటూరులో ఉన్న మా నాన్నగారికి వాట్సాప్‌లో తెలుగులోనే రాస్తుంటాను. మొన్నటి ఆటలో వాడి చేతిదాకా వచ్చిన పాసులు కొన్ని కిందపడ్డాయి. “పాస్ వదిలేశాడు” అని రాస్తే, “ఎందుకు వదిలేశాడ్రా?” అని నాన్నగారు అడిగారు. ‘జారవిడిచాడు’ అనాలా, ‘పడేశాడు’ అనాలా, ‘చేజార్చుకున్నాడు’ అనాలా? అవతలి జట్టు సేఫ్టీ, అంటే వెనక నిలబడి పాసుల్ని అడ్డుకునేవాడు, చాలా గట్టివాడు. సగం పాసులు అతని మూలంగానే పోయాయి. ఆ సంగతి తెలుగులో ఎలా చెప్పాలి? ‘సేఫ్టీ’ని ‘భద్రత’ అని రాయవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం: మీ నాన్నగారి ప్రశ్న సబబైనదే. ‘వదలడం’ కర్త ఇష్టంతో జరిగే పని. బాణం వదులుతాం, పట్టు వదులుతాం, ఉద్యోగం వదిలేస్తాం. క్రికెట్ వ్యాఖ్యానంలో ‘బంతిని వదిలేశాడు’ అంటే, ఆడకూడదనుకుని బ్యాటర్ దాన్ని కీపర్ చేతుల్లోకి పోనిచ్చాడనే అర్థం. అదే క్రికెట్‌లో ‘క్యాచ్ వదిలేశాడు’ అంటే మాత్రం పట్టలేకపోయాడని తీసుకుంటాం. కావాలని క్యాచ్ వదిలేవాడు ఉండడు గనక అక్కడ అపార్థానికి చోటు లేదు. పైగా పత్రికలు ఏళ్ల తరబడి అలా రాసి మనకు అలవాటు చేశాయి. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. చదివేవాళ్లకు ఆ అలవాటు లేదు. అందుకే ఆ ఆట చూడని పెద్దాయనకు ‘వదిలేశాడు’ దాని అసలు అర్థంతోనే వినిపించింది.

మామూలుగా చేతికి వచ్చిన పాస్ కిందపడితే ‘జారవిడిచాడు’ అనండి. ఇందులో ‘విడుచు’ ఉన్నా ముందున్న ‘జార’ దాని పదును తగ్గిస్తుంది. బంతి తనంతట తాను జారింది, ఆపవలసిన చేతులు ఆపలేకపోయాయి అన్న రెండు అర్థాలూ ఒకే మాటలో వస్తాయి. తప్పు రిసీవర్‌దే, ఉద్దేశం మాత్రం అతనిది కాదు. ‘నేలపాలు చేశాడు’ అన్నా తప్పులేదు గాని అందులో కాస్త నింద ఎక్కువ. తండ్రి కొడుకు గురించి రాసే వాక్యంలో నేనైతే వాడను.

‘పడేశాడు’ వద్దు. ‘గ్లాసు పడేశాడు’ అంటే గ్లాసు అప్పటికే చేతిలో ఉంది. ఈ ఆటలో ఆ తేడా చాలా పెద్దది. బంతి ఇంకా పూర్తిగా చేతికి చిక్కకముందే కిందపడితే పాస్ పూర్తికానట్టు. అక్కడితో ఆట ఆగుతుంది, బంతి మళ్లీ పాత చోటికే వస్తుంది. అదే పట్టుకుని పరుగెత్తుతూ పోగొట్టుకుంటే అది ఫంబుల్, బంతి ఎవరికి దొరికితే వాళ్లది. ఫంబుల్‌కు తెలుగులో చక్కని మాట ఉంది: ‘పడేసుకున్నాడు’. ‘బస్సులో పర్సు పడేసుకున్నాడు’ అంటాం చూడండి, తన సొత్తయినదాన్ని పోగొట్టుకున్నప్పుడే ‘కొను’ చేరుతుంది. ‘చేజార్చుకున్నాడు’లోనూ ఈ ‘కొను’ ఉంది. దాన్ని ఆటకూ అవకాశానికీ దాచుకోండి: ‘పాస్ జారవిడిచాడు, గెలుపు చేజార్చుకున్నారు’.

ఇక్కడ ఇంకో క్రియ కూడా గుర్తుంచుకోవాలి, ‘అందలేదు’. పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ అందిస్తాడు, రిసీవర్ అందుకుంటాడు. ఈ జంట మన భాషలో సిద్ధంగా ఉంది, కొత్తగా పుట్టించనక్కర్లేదు. బంతి మరీ ఎత్తుగానో వెనగ్గానో వస్తే ‘పాస్ అందలేదు’ అంటాం. అప్పుడు తప్పు విసిరినవాడిది. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ అధికారిక గణాంకాల్లో అందుకున్న పాసుల లెక్క ఉంటుంది గాని జారవిడిచిన పాసుల లెక్క ఉండదు. ఏది జారవిడవడం, ఏది అందకపోవడం అన్నది చూసేవాడి తీర్పు. ఆ లెక్కలు వేసే సంస్థలు కూడా అన్నిసార్లూ ఒక్కమాట మీద ఉండవు. కాబట్టి మీరు ఏ క్రియ రాస్తే అదే మీ తీర్పు. ఇంత పట్టింపు ఎందుకంటే అందుకే.

2012 ఫిబ్రవరి 5న ఇండియానాపొలిస్‌లో జరిగిన 46వ సూపర్ బౌల్, అంటే ఆ లీగు ఫైనల్, తీసుకోండి. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 17–15తో న్యూయార్క్ జెయింట్స్ కన్నా ముందుంది. ఆటలో సుమారు 4 నిమిషాలే మిగిలాయి. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతి రిసీవర్ వెస్ వెల్కర్ కోసం వచ్చింది. కాస్త ఎత్తుగా, కాస్త వెనగ్గా వచ్చింది. వెల్కర్ గాల్లో మెలితిరిగి రెండు చేతులూ చాచాడు. బంతి చేతులకు తగిలి కిందపడింది. పట్టి ఉంటే పేట్రియట్స్ గెలుపు దాదాపు ఖాయమయ్యేది. చివరికి జెయింట్స్ 21–17తో గెలిచింది. ‘అందలేదు’ అందామా, ‘జారవిడిచాడు’ అందామా? బంతి వచ్చిన తీరు చూస్తే మొదటిది, చేతులకు తగిలింది గనక రెండోది. వెల్కర్ మాత్రం అది తాను పట్టవలసిందేనని ఒప్పుకున్నాడు. నేను రాస్తే ‘బ్రేడీ సరిగా అందించలేదు, వెల్కర్ జారవిడిచాడు’ అని రెండూ రాస్తాను. ఒక్క క్రియతో సరిపెడితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

జాకీ స్మిత్ సంగతి అలా కాదు. 1979 జనవరిలో, 13వ సూపర్ బౌల్‌లో, మీ ఊరి పక్కనున్న డాలస్ కౌబాయ్స్ తరఫున ఆడుతూ ఎండ్ జోన్‌లో (బంతి పడితే పాయింట్లు వచ్చే, మైదానం చివరి భాగం) ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. రోజర్ స్టౌబాక్ విసిరిన బంతి నెమ్మదిగానే వచ్చింది. స్మిత్ కాలు జారింది, బంతీ జారింది. ఏడు పాయింట్లు రావలసినచోట మూడే వచ్చాయి. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 35–31తో గెలిచింది. ‘జారవిడిచాడు’కు ఇంతకన్నా నికార్సయిన ఉదాహరణ నాకు తోచదు. అయినా ఆయన 1994లో గొప్ప ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఒక్క జారవిడుపుతో ఆటగాణ్ణి తూచకూడదు.

ఇక మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం: సేఫ్టీ గట్టివాడైతే ఏం రాయాలి? అప్పుడు వాక్యానికి కర్తే మారాలి. సేఫ్టీ వచ్చి ఢీకొట్టడంతో బంతి పడిపోతే ‘రిసీవర్ జారవిడిచాడు’ అనడం అబద్ధం. ‘సేఫ్టీ బంతిని ఊడగొట్టాడు’ అనాలి. పడగొట్టు, రాలగొట్టు, చెడగొట్టు, ఊడగొట్టు: మూలక్రియ తర్వాత ‘కొట్టు’ చేరి ‘గొట్టు’ అయిన ఈ క్రియలన్నిటిలోనూ తనంతట జరగనిదాన్ని ఎవరో పనిగట్టుకుని జరిపించడం ఉంది. అందులోనూ ‘ఊడగొట్టు’ గట్టిగా అంటుకుని ఉన్నదానికి వాడతాం. కాబట్టి రిసీవర్ పట్టు మంచిదేనన్న గౌరవమూ అందులో మిగులుతుంది.

గొప్ప సేఫ్టీ ప్రభావం అతను ఢీకొట్టినప్పుడే ఉంటుందనుకోకండి. మైదానం మధ్యలోకి పరుగెత్తే రిసీవర్ కళ్లు బంతి మీద ఉంటాయి, చెవులు మాత్రం సేఫ్టీ అడుగుల మీద. ఎవరూ తాకకముందే చేతులు పూర్తిగా చాచడు. ఇలాంటి చేతుల్ని అమెరికాలో మొసలి చేతులంటారు, మొసలి ముందుకాళ్లు పొట్టివి గనక. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చారో, అర్థం తలకిందులవుతుంది. గజేంద్రుడి కాలు పట్టిన మొసలి మనకు తెలుసు. ‘మొసలి పట్టు’ అంటే ఎంతకూ విడవని పట్టు. మనకు ‘జంకాడు’ ఉంది, ‘చేయి చాచడానికి వెనకాడాడు’ ఉంది. కావలసివస్తే ఇక్కడ మీ ‘వదిలేశాడు’ కూడా పనికొస్తుంది: ‘సేఫ్టీ మీదికి రావడం చూసి పాస్ వదిలేశాడు’. ‘పిరికివాడు’ మాత్రం రాయవద్దు. 1978 ఆగస్టులో ఒక సన్నాహక ఆటలో ఓక్లండ్ రైడర్స్ సేఫ్టీ జాక్ టేటమ్ ఢీకొట్టడంతో పేట్రియట్స్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ మెడ దెబ్బతిని, ఆ తర్వాత జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిచింది. తర్వాతి కాలంలో, తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్న రిసీవర్ తలమీద కొడితే 15 గజాల శిక్ష వేసేలా నిబంధనలు బిగించారు. ఆ జంకుకు కారణం ఉంది. భాషలో దానికి తగిన మర్యాద ఉండాలి.

మరి బంతిని సేఫ్టీయే పట్టేస్తే? పత్రికల్లో ‘అడ్డగించాడు’ అని చూస్తుంటాను. అడ్డగిస్తే బంతి ఆగుతుంది అంతే. ‘తన్నుకుపోయాడు’ రాయండి, గద్ద కోడిపిల్లను తన్నుకుపోవడంలోని క్రియే. ఎక్కడినుంచో రావడం, ఎత్తుకోవడం, వెళ్లిపోవడం మూడూ అందులో ఉన్నాయి. బాల్టిమోర్ రేవెన్స్‌కు 2002 నుంచి 2012 దాకా ఆడిన సేఫ్టీ ఎడ్ రీడ్‌కు ఆ మాట కొలిచి కుట్టినట్టు ఉంటుంది. తన ఆటజీవితం మొత్తంలో 64 పాసులు తన్నుకుపోయాడు. 2010లో 10 ఆటలే ఆడి, 8 పాసులతో లీగులో అందరికన్నా ముందు నిలిచాడు. 2008లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ మీద తమ ఎండ్ జోన్ లోపల బంతి పట్టి 107 గజాలు పరుగెత్తాడు. అది బద్దలు కొట్టిన 106 గజాల రికార్డు కూడా తనదే, 2004 నాటిది. ప్రత్యర్థుల ఆటల్ని రికార్డింగుల్లో చూసి చూసి, తాను ఎక్కడో దూరంగా ఉన్నట్టు క్వార్టర్‌బ్యాక్‌ను నమ్మించి పాస్ విసిరేలా చేసేవాడు. అలాంటివాడు వెనక ఉంటే క్వార్టర్‌బ్యాక్‌లు విసరడానికే ‘సందేహించారు’. ఆ పాసులు ఏ లెక్కల్లోకీ రావు.

చివరిది, ‘సేఫ్టీ’. ‘భద్రత’ రాయకండి. ‘భద్రత దూసుకొచ్చింది’ అంటే పోలీసు బందోబస్తు గుర్తొస్తుంది. ‘రక్షకుడు’ అంటే బంతి లేని జట్టులోని 11 మందిలో ఎవరైనా కావచ్చు. గోల్‌కీపర్‌ను ఉంచుకున్నట్టే సేఫ్టీనీ ఉంచుకోవచ్చు. అయితే ఈ ఆటలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. బంతి ఉన్న జట్టు తన ఎండ్ జోన్‌లోనే దొరికిపోతే అవతలివాళ్లకు వచ్చే 2 పాయింట్లనూ సేఫ్టీ అనే అంటారు. ఇంగ్లీషులో సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిన ఈ తేడాను తెలుగులో క్రియే తేల్చేస్తుంది. ‘సేఫ్టీ వచ్చాడు’ అంటే మనిషి, ‘సేఫ్టీ వచ్చింది’ అంటే పాయింట్లు. బహువచనంలోనూ అంతే, ‘సేఫ్టీలు వచ్చారు’, ‘సేఫ్టీలు వచ్చాయి’. పైన చెప్పిన 46వ సూపర్ బౌల్‌లో జెయింట్స్ మొదటి పాయింట్లు అలా వచ్చినవే. బ్రేడీ తన ఎండ్ జోన్‌లో నిలబడి, రిసీవర్ ఎవరూ లేనిచోటికి బంతి విసిరేసినందుకు ‘జెయింట్స్‌కు సేఫ్టీ దక్కింది’. అక్కడ ‘దక్కాడు’ అని రాస్తే వాళ్లకు కొత్త ఆటగాడు దొరికినట్టవుతుంది.