అడ్డపొగ తాగితే ఏమవుతుంది? దానిపై పరిశోధనలు జరిగాయా?

జరిగాయి, అదీ మన శ్రీకాకుళం జిల్లాలోనే. చుట్ట నిప్పును నోట్లోకి పెట్టి తాగడమే అడ్డపొగ. శ్రీకాకుళం పల్లెల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది.

డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశ పరిశోధకులు కలిసి ఇక్కడ 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. ఆ గ్రామస్థుల్లో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే! 9.5 శాతం మందికి అంగిట్లో, అంటే నోటి పైకప్పులో, మార్పులు కనిపించాయి. అంగిలి క్యాన్సర్ బయటపడిన ప్రతి ఒక్కరూ అడ్డపొగ తాగేవారే.

నన్ను ఆశ్చర్యపరిచింది ఈ చివరి మాటే. మామూలుగా పొగతాగేవారికి అంగిట్లో ఎముక ఉన్న గట్టి భాగంలో క్యాన్సర్ అరుదు. అడ్డపొగలో పొగ, వేడి రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి, జబ్బూ అక్కడే మొదలవుతుంది. ఒకే పొగాకు, తాగే తీరు మారితే జబ్బు చోటు కూడా మారిపోయింది.

తర్వాత పరిశోధకులు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళంలో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారికి మానమని ఊరూరా తిరిగి నచ్చజెప్పారు. కొందరు మానేశారు, మరికొందరు తగ్గించారు. నోటి మచ్చలూ తగ్గాయి. "ఈ వయసులో మానితే ఏం లాభం" అనే మామ్మలకు ఈ సంగతి తప్పక చెప్పండి. అంగిట్లో తెల్లమచ్చ, మధ్యలో ఎర్రచుక్కలు కనిపిస్తే నొప్పి లేకపోయినా దంతవైద్యుడికి చూపించండి.