మచ్చల మక్క గింజ దగ్గర మొదలుపెట్టు

బిడ్డా,

దేవరకొండ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మక్కజొన్న మీద పరిశోధన చేసిన అమెరికా జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ గురించి తెలుగులో రాయాలనుకున్నావు, అదే నాకు పెద్ద సంతోషం. కానీ ఉన్నమాట చెప్తాను. ఆరు పేజీల్లో నోబెల్ మాట పదకొండుసార్లు వచ్చింది, మక్కజొన్న రెండేసార్లు. ఆమె బతుకు గడిచింది మక్క చేనులో కదా!

నీ వయసులో నేనూ ఇదే చేశాను. ఒక శాస్త్రవేత్త మీద రాసి మా మేనమామకు చదివి వినిపించాను. జడ్చర్ల దగ్గర ఆయనకు మూడెకరాల చెల్క. అంతా విని, "మంచిగుంది. ఇంతకూ ఆయన చేసిన పనేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే గింజ దగ్గర మొదలుపెట్టు. మన మార్కెట్ యార్డుకొచ్చే హైబ్రిడ్ మక్కలు కుప్పంతా ఒకటే పసుపు. ఆమె కంకులు అలా ఉండవు. ఒక గింజ ఊదా, పక్కది తెలుపు, ఆ పక్కన తెల్లగింజ మీద ఊదా మచ్చలు. రంగునిచ్చే జన్యువులోకి డీఎన్‌ఏ ముక్క ఒకటి దూరి కూర్చుంటే రంగు ఆగిపోతుంది. గింజ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచిపోతే, ఆ కణం నుంచి పుట్టిన వాటన్నిటికీ రంగు తిరిగొస్తుంది. తొందరగా పోతే పెద్ద మచ్చ, ఆలస్యంగా పోతే సూదిమొనంత చుక్క. జన్యువులు దండలో పూసల్లా ఎక్కడివక్కడే ఉంటాయని నమ్మే కాలంలో, మచ్చలు చూసి ఆమె ఇంత దూరం ఆలోచించింది. ఈ భాగానికి రెండు పేజీలు పట్టినా సరే, తొందరపడకు.

1951లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధన కేంద్రంలో జరిగిన సదస్సులో ఇది చెబితే చాలామందికి ఎక్కలేదు. నువ్వు "ఆడదని తొక్కేశారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నీ కోపం నాకూ ఉంది. ఆడవాళ్లకు యూనివర్సిటీలో స్థిరమైన ఉద్యోగం దొరకడమే గగనమైన రోజులవి, తప్పకుండా రాయి. కానీ ఆమె అప్పటికే పేరున్న మనిషి. 1931లోనే తన విద్యార్థిని హ్యారియెట్ క్రైటన్‌తో కలిసి, క్రోమోజోములు, అంటే జన్యువులు ఉండే దారాల్లాంటివి, ముక్కలు మార్చుకుంటాయని నిరూపించింది. 1944లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యురాలైంది. అది దాచేస్తే ఆమె ఉత్త బాధితురాలిగా మిగిలిపోతుంది. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

1953 తర్వాత ఈ సంగతి మీద ప్రచురించడం దాదాపు మానేసింది, పని మాత్రం మానలేదు. 1960ల చివర బాక్టీరియాలోనూ ఇలా చోటు మారే ముక్కలు కనిపించాకే లోకం వెనక్కి తిరిగి చూసింది. 1983లో, 81 ఏళ్లకు, ఎవరితోనూ పంచుకోని నోబెల్. దానికి నాలుగు వాక్యాలు చాలు.

ఇప్పుడు మీ దగ్గర మక్క పీచు వేసే టైమ్. ఎవరినైనా అడిగి ఒక లేత కంకి తెచ్చుకో. ఆకులు మెల్లగా ఒలిచి, ఒక్క పోగు పట్టుకుని తెగకుండా లోపలికి వెళ్లు. అది ఒక గింజ దగ్గర ఆగుతుంది. ప్రతి గింజకూ ఒక పోగు, పుప్పొడి పని చేసేది ఆ దారినే. వేరే పుప్పొడి పడకుండా ఆమె కంకులకు సంచులు తొడిగి, కావలసినది తన చేత్తో వేసేది. చూసింది చూసినట్టు రాసి దసరా లోపు పంపు.

నీ పెద్దమ్మ,
పాలమూరు