మహిళల శాంతి సంస్థ ఊరేగింపులు తప్ప ఏం చేసింది?

విమెన్స్ ఇంటర్నేషనల్ లీగ్ ఫర్ పీస్ అండ్ ఫ్రీడమ్ గురించి అడిగారు కదా. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తుంటాను, క్లాసులోనూ ఇదే ప్రశ్న వస్తుంది.

1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం జోరు మీదుండగా, వెయ్యి మందికి పైగా ఆడవాళ్లు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో కూడారు, ఒకరితో ఒకరు కొట్టుకుంటున్న దేశాల వాళ్లు కూడా. బ్రిటన్ నుంచి రావాలనుకున్న చాలామంది సముద్రం దారి మూసేయడంతో ఆగిపోయారు. వచ్చినవాళ్లు తీర్మానాలు రాసి ఊరుకోలేదు, వాటిని పట్టుకుని యుద్ధం చేస్తున్న రాజధానులకే వెళ్లి ప్రధానుల్నీ మంత్రుల్నీ కలిశారు (మనకు ఎమ్మార్వోకి అర్జీ ఇవ్వాలంటేనే సగం రోజు పోతుంది!). యుద్ధం ఆగలేదు, నిజమే. కానీ 1919లో జ్యూరిక్‌లో ఆ బృందం ఇప్పటి పేరు పెట్టుకున్నప్పుడే, ఓడినవాళ్లని పిండేసే వెర్సాయ్ ఒప్పందం (యుద్ధం ముగిశాక జర్మనీతో చేసుకున్నది) షరతులు ఇంకో యుద్ధానికి విత్తనాలని గట్టిగా చెప్పారు.

ఈ సంస్థను ముందుండి నడిపిన జేన్ ఆడమ్స్‌కి 1931లో, ఎమిలీ బాల్చ్‌కి 1946లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తర్వాత అణ్వాయుధాల మీద పోరాటం. శాంతి చర్చల్లో ఆడవాళ్లకూ చోటుండాలనే భద్రతా మండలి 1325 తీర్మానం 2000లో వచ్చింది, దానికోసం పట్టుబట్టిన సంస్థల్లో ఇదీ ఒకటి. నాకైతే అన్నిటికంటే ఆ 1915 నాటి తిరుగుడే నచ్చుతుంది.