గోల్కొండలో గైడుగా చేరుతున్న మేనకోడలికి

బిడ్డా మంజులా,

గైడుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఆరేళ్లు ఆ మెట్లెక్కి దిగినవాణ్ని, సంతోషమేసింది. రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మీ నాన్నకు ఇంకా చెప్పలేదట. ముందు ఆ పని చెయ్యి.

నీళ్లసీసా, టోపీ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

బాలాహిసార్ దర్వాజా దగ్గరికి రాగానే అందరూ చప్పట్లకు ఎగబడతారు. గుమ్మటం కింద కొడితే దాదాపు కిలోమీటరు దూరాన కొండ మీద వినిపిస్తుంది, నిజమే. కానీ ముందు వాళ్లను బయటే ఆపు. తలుపుకు ఎదురుగా అడ్డంగా ఉన్న గోడ చూపించు. ఏనుగు తలుపును కుమ్మాలంటే దూరం నుంచి ఉరికి రావాలి కదా? ఆ గోడ దగ్గర మలుపు తిరగాల్సి రావడంతో ఊపంతా పోతుంది. ఫతే దర్వాజా తలుపు మీది ఇనప మేకులు కూడా ఏనుగుల కోసమే.

మొదట్లో నేను ఇవేమీ చెప్పేవాణ్ని కాదు. చార్మినార్ దాకా సొరంగం ఉందంటే టిప్పు బాగా వచ్చేది మరి! ఒకసారి బడిపిల్లలకు "ఇక్కడే ఎక్కడో ఉంది" అన్నాను. బస్సెక్కేటప్పుడు లెక్కపెడితే ఒకడు తక్కువ. రెండు గంటలు వెతికాం. కూలిన గోడ వెనక, ముళ్లకంపల మధ్య, చీలమండ వాచిపోయి కూర్చున్నాడు. నన్ను చూసి, "సొరంగం దొరకలేదంకుల్" అన్నాడు. వాడు ఏడవలేదు, నేనే ఏడ్చాను. వాడి టీచరు నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

సొరంగం ఎందుకు బిడ్డా, 1687 ముట్టడి చెప్పు. ఎనభై ఏడు బురుజుల కోట ముందు ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు పడిగాపులు పడింది. గోడ కింద పెట్టిన మందుపాతరలు ఎదురు తన్ని వాళ్లవాళ్లనే చంపాయి. చివరికి లోపలివాడొకడు లంచానికి తలుపు తీశాడు. ఇది చెబితే పిల్లలు ఎక్కడికీ పోరు, నీ చుట్టూనే నిలబడతారు.

అయినా ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి తలలు లెక్కపెట్టు.

నీ మొదటి రోజు నేనూ వస్తా. టికెట్ నేనే కొనుక్కుంటా. మోకాళ్లు పైకి రానివ్వవు, ఆ అడ్డగోడ దగ్గరే ఉంటా.

మీ మామయ్య