స్క్రీన్ మారిందా, రిజిస్టరు పోయిందా?

ప్రశ్న: మాది నరసరావుపేటలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. నాన్నగారు పెట్టింది. ఇప్పుడు రెండు బ్రాంచీలు, పదకొండు మంది స్టాఫ్. 2022 ఏప్రిల్లో ఒక కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి మూడేళ్లకి కలిపి రూ.54,000 కట్టాం. 2023 నవంబరు 20న పొద్దున్నే షాపు తెరిచేసరికి స్క్రీన్ మొత్తం మారిపోయింది. కీబోర్డు మీద చూడకుండా కొట్టే బిల్లుని మౌసుతో వెతుక్కుంటూ కొట్టాల్సి వచ్చింది. ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందుల రిజిస్టరు అసలు కనపడలేదు. కొటేషన్‌లో మాత్రం దాని పేరుంది. ఇరవై రెండేళ్లుగా మా దగ్గరున్న గుమస్తా గారు "ఈ రంగుల బొమ్మలతో నావల్ల కాదు బాబూ" అని మానేశారు. ఆయన వెళ్తుంటే మా అమ్మ ఏడ్చింది. బిల్లులు ఆలస్యమై పాత పార్టీలు పక్క ఏజెన్సీకి వెళ్లిపోయాయి. టెన్షన్‌తో నాకు బీపీ వచ్చింది. రిటర్న్ గడువు దాటిన స్టాకు రూ.3,40,000 మా నెత్తిన పడింది. కంపెనీ వాళ్లు వాట్సాప్‌లో "త్వరలో వస్తుంది సార్" అంటూనే ఉన్నారు. వేరే దారిలేక 2025 ఏప్రిల్లో మళ్లీ ఏడాదికి రూ.21,000 కట్టాం. పాత కంప్యూటర్ ఫార్మాట్ చేయించాం. వినియోగదారుల కమిషన్‌లో రూ.25 లక్షలకి కేసు వేయొచ్చా? ఒక టెక్నీషియన్ ఎనిమిది వేలిస్తే పాత వెర్షన్ క్రాక్ వేసిస్తానంటున్నాడు, వేయించుకోమంటారా? అందరూ తిరగబడితే కంపెనీలు దిగిరావా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడున్నర పేజీలు కోర్టుకి అక్కరలేదు. స్క్రీన్ రంగులు, మౌసు, మీ బీపీ, పోయిన పార్టీలు అన్నీ నిజమే కావచ్చు, కానీ వీటిలో ఏదీ కేసుని నిలబెట్టదు. నిలబెట్టేది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి: ఎక్స్‌పైరీ రిజిస్టరు పోయింది.

సాఫ్ట్‌వేర్ ముఖం మార్చుకోవడం నేరమూ కాదు, తప్పూ కాదు. మొదటిరోజు మీరు "ఐ అగ్రీ" అని నొక్కిన షరతుల్లో "మేం ఎప్పుడైనా మార్పులు చేస్తాం" అని దాదాపు ప్రతి కంపెనీ రాసుకుంటుంది. ఆ నొక్కుడికి విలువేముంది అనుకోకండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. ఒక్క కీతో అయ్యే పనికి ఇప్పుడు మూడు క్లిక్కులు పడుతున్నాయని వాదిస్తే జడ్జిగారు "అలవాటు చేసుకోండి" అనే అవకాశమే ఎక్కువ. కానీ ఇస్తామని రాసిచ్చి, మూడేళ్లకి డబ్బు తీసుకుని, పంతొమ్మిది నెలలు దాటగానే దాన్ని తీసేయడం వేరే సంగతి. ఇల్లు అద్దెకిచ్చినవాడు గోడలకి రంగు మార్చుకోవచ్చు, గడువు మధ్యలో వంటగది పీకేస్తే మాత్రం ఊరుకోం కదా.

ఇక్కడొక మెలిక ఉంది. అటువైపు లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఆ షరతుల్లో "ఇదే తుది ఒప్పందం, దీనికి ముందు చెప్పినవి, రాసినవి ఏవీ చెల్లవు" అనే క్లాజు ఉండొచ్చు. ఉంటే మీ కొటేషన్‌ని పక్కన పెట్టమంటారు. అందుకని ఇన్‌వాయిస్ తీసి చూడండి. దాని మీద "ఫలానా కొటేషన్ ప్రకారం" అనో, కొటేషన్ నంబరో ఉంటే రెండూ ఒకే బేరంలో భాగాలని గట్టిగా వాదించొచ్చు. లేకపోతే, అప్పట్లో వాళ్లు పంపిన యూజర్ మాన్యువల్ గానీ, డెమో రోజు పంపిన మెయిల్ గానీ వెతకండి. మీ కేసు ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది. మీరేమో నాకు షరతుల కాపీ పంపలేదు. చదవలేదు కాబట్టే పంపలేదని అనుకుంటున్నాను.

వినియోగదారుల కమిషన్ సంగతి మర్చిపోండి. "రెండు బ్రాంచీలు, పదకొండు మంది స్టాఫ్" అని గర్వంగా రాశారే, ఆ వాక్యమే మీకు ఆ తలుపు మూసేసింది. వ్యాపారం కోసం కొన్న సరుకు, సేవ విషయంలో మీరు "వినియోగదారు" కారు. సొంతంగా పనిచేసుకుని పొట్టపోసుకునేవాళ్లకి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఒకరిద్దరు సాయం ఉన్నంత మాత్రాన ఆ మినహాయింపు పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. పదకొండు మందితో రెండు బ్రాంచీలు నడిపేవారికి అది వర్తించదు. వ్యాపార ప్రక్రియల కోసం కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్ వాణిజ్య ప్రయోజనం కిందికే వస్తుందని 2025 నవంబరులో పాలీ మెడిక్యూర్ కేసులో కూడా సుప్రీంకోర్టు తేల్చింది. ఒకవేళ మీరు వినియోగదారే అనుకున్నా అక్కడ గడువు రెండేళ్లు. 2025 నవంబరుతో అదీ అయిపోయింది. "త్వరలో వస్తుంది" అన్న మాట నమ్మి కూర్చున్నందుకు ఇది ఫలితం.

మిగిలింది సివిల్ దారి. ఒప్పంద ఉల్లంఘనకి నష్టపరిహారం అడగడానికి కేసులకి గడువు పెట్టే లిమిటేషన్ చట్టంలో 55వ ఆర్టికల్ కింద మూడేళ్లు. రిజిస్టరు పోయిన రోజు నుంచి లెక్కేస్తే 2026 నవంబరు 20. ఈ తేదీని షాపులో క్యాలెండరు మీద ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఇది రోజురోజుకీ జరుగుతున్న ఉల్లంఘన కాబట్టి గడువు అలా సాగుతూనే ఉంటుందని ఎవరైనా చెబితే విని ఊరుకోండి. ఆ వాదన ఆఖరి గత్యంతరం, దాన్ని నమ్ముకుని నిద్రపోవడానికి కాదు. లీగల్ నోటీసు ఇస్తే గడువు ఆగిపోతుందని చాలామందికి ఒక నమ్మకం. ఆగదు. "త్వరలో వస్తుంది సార్" అన్న మెసేజీ కూడా గడువుని పెంచదు. మీకు ఫలానా బాకీ ఉన్నామని గడువులోపల సంతకంతో ఒప్పుకుంటేనే అదే చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు మొదలవుతుంది.

అలాగని ఆ మెసేజీ పనికిరానిది కాదు. రిజిస్టరు ఒకప్పుడు ఉందని, ఇప్పుడు లేదని, లేదన్న సంగతి వాళ్లకి తెలుసని ఆ మూడు ముక్కలు ఒప్పుకుంటున్నాయి. ఇంతకంటే మంచి సాక్ష్యం మీ దగ్గర ఇంకోటి కనపడటం లేదు. అందుకే ఆ ఫోన్ అమ్మకండి, ఎక్స్ఛేంజికి ఇవ్వకండి, ఆ చాట్‌లో మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఈ రోజే ఆపేయండి. స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ కొట్టిస్తే సరిపోదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ మీ చేతిలో ఉంది కాబట్టి మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల, అక్షరాల గుర్తు) కూడా రాయాలి. పాత చట్టం కిందే సర్టిఫికెట్ తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెయిల్స్‌కీ, కంప్లైంట్ టికెట్లకీ ఇదే పద్ధతి.

ఇక పాత కంప్యూటర్. దాన్ని ఫార్మాట్ చేయించింది ఎవరండీ? గొడవ నడుస్తుండగా సాక్ష్యాన్ని సొంత చేతులతో తుడిచేసుకోవడం నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో ఫైల్లో చూస్తాను, ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ హార్డ్ డిస్క్ మళ్లీ వాడకుండా తీసి పక్కన పెట్టండి. కొంతైనా రికవరీ అవుతుందేమో అడుగుదాం.

నష్టం లెక్కకి వద్దాం. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఉల్లంఘన వల్ల మామూలుగా, నేరుగా కలిగిన నష్టమే వస్తుంది. గుమస్తా మానేయడం, పార్టీలు పోవడం, బీపీ దూరపు నష్టాలు. వాటికోసం రూ.25 లక్షలు అడిగితే కోర్టు ఫీజు దండగ, అసలు కేసు కూడా పలచబడుతుంది. ఎక్స్‌పైరీ స్టాకు నేరుగా కలిగిన నష్టమే, కానీ ఆ రూ.3,40,000 మొత్తం రాదు. రిజిస్టరు లేదని నవంబరులోనే తెలిసినప్పుడు, రాక్‌ల దగ్గర నిలబడి బ్యాచ్‌లు చేత్తో ఎందుకు రాసుకోలేదని అడుగుతారు. నష్టం తగ్గించుకోవడానికి ఉన్న దారులు వాడుకున్నారా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి మొదటి రెండు మూడు నెలల్లో గడువు దాటిన స్టాకుని విడిగా తీయండి. మందుల కంపెనీలు రిటర్న్ తిరస్కరించిన లెటర్లు ఉండాలి. ఇంకో మాట, మీ ఆడిటర్ని పిలిచి అడగండి: ఆ స్టాకు రైటాఫ్ చేసినప్పుడు (నష్టం కింద రాసేసినప్పుడు) జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న క్రెడిట్, రివర్స్ చేశారా? చేయకపోతే మీ నష్టానికి మీ పుస్తకాల్లోనే ఆధారం లేదు. కోర్టులో ఆ అంకె చెప్పిన మర్నాడు ఇంకో డిపార్ట్‌మెంట్‌కి సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు.

తేలిగ్గా వచ్చే మొత్తం ఒకటుంది. రూ.54,000కి మూడేళ్లంటే నెలకి రూ.1,500. రిజిస్టరు పోయేనాటికి మిగిలింది పదహారు నెలలు, అంటే రూ.24,000. అందులో ఎంత భాగం వెనక్కివ్వాలన్నది బేరం. 2025లో కట్టిన రూ.21,000 మీద నాకు ఆశ లేదు. లేదని తెలిసి, ఒక్క ముక్క అభ్యంతరం రాయకుండా కట్టారు. కట్టక తప్పనప్పుడు "అభ్యంతరంతో కడుతున్నాం, మా హక్కులు వదులుకోవడం లేదు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టాలి. దానికి ఖర్చేమీ కాదు.

ఇక టెక్నీషియన్ గారి ఎనిమిది వేల బేరం. వద్దు. "మాకు లైసెన్సు ఉంది కదా, పాతదే కదా" అని మీరు సర్దిచెప్పుకుంటారని తెలుసు. నకిలీ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడకపోతే జైలు తప్పించే వీలు కోర్టుకి ఉంది, మీది వ్యాపారం. అది ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి ఈ గొడవలో బాధితులు వాళ్లు, ముద్దాయి మీరు. ఆ క్రాక్‌తో పాటు ఇంకేం లోపలికి వస్తుందో, మీ పార్టీల లెక్కలు ఎవరి చేతికి పోతాయో ఆ టెక్నీషియన్‌కీ తెలియదు. స్టాఫ్ చేత తలా ఒక పేరుతో చెడ్డ రివ్యూలు రాయించే ఆలోచన ఉన్నా మానేయండి. మీ పేరుతో, జరిగింది జరిగినట్టు ఒక్కటి రాస్తే అభ్యంతరం లేదు.

"అందరూ తిరగబడితే కంపెనీలు దిగిరావా" అని ఉత్తరం చివర అడిగారు. వస్తాయి. అమెరికాలో స్పీకర్లు చేసే సోనోస్ 2024 మేలో తన యాప్‌ని కొత్తగా మార్చింది. అలారాలు, స్లీప్ టైమర్ లాంటివి అందులో లేవు. జనం మండిపడ్డారు. జులైలో సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పారు, యాప్ బాగుచేయడానికి 2 నుంచి 3 కోట్ల డాలర్లు ఖర్చవుతాయని కంపెనీ చెప్పింది, 2025 జనవరిలో ఆ సీఈఓ తప్పుకున్నారు. అక్కడ కూడా మంట పుట్టించింది రంగులొక్కటే కాదు, ఉన్న పనులు లేకుండా పోవడం. అయితే అది మార్కెట్ వేసిన శిక్ష. కోర్టుదాకా వెళ్లి గెలిచినవాళ్లూ ఉన్నారు: విండోస్ 10 తన అనుమతి లేకుండా ఎక్కి కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంటు చిన్న మొత్తాల కోర్టుకి వెళ్లి 10,000 డాలర్లు గెలిచారు. మైక్రోసాఫ్ట్ 2016లో అప్పీలు వదిలేసుకుంది. కొత్త విండోస్ చూడ్డానికి బాగాలేదని ఆవిడ అడగలేదు.

మీరు చేయాల్సింది ఇది. ముందు డేటా. నోటీసు వెళ్లకముందే 2022 నుంచి ఉన్న సేల్స్, కొనుగోళ్లు, లెడ్జర్లు ఎక్సెల్లో దింపుకోండి. జీఎస్టీ కింద రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, సబ్‌స్క్రిప్షన్ ఆగితే లాగిన్ ఆగుతుంది. తర్వాత ఆ షరతుల కాగితం ప్రింట్ తీసి మూడు చోట్ల చూడండి: ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ప్రైవేటు తీర్పరి దగ్గర తేల్చుకోవడం) ఉందా, ఏ ఊరి కోర్టు అని రాశారు, వాళ్ల బాధ్యతకి పరిమితి పెట్టుకున్నారా. "గత పన్నెండు నెలల్లో కట్టిన మొత్తం మించి ఇవ్వం" అనే క్లాజు వ్యాపారస్తుల మధ్య చాలాసార్లు నిలబడుతుంది, ముందే తెలిస్తే ఆశ అదుపులో ఉంటుంది. ఆర్బిట్రేషన్ ఉంటే మామూలు నోటీసు చాలదు. వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కి పంపమని ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కింద అడగాలి, అది వాళ్లకి అందిన రోజున ప్రక్రియ మొదలైనట్టు. లేకపోతే, దావా విలువ రూ.3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టు, ముందుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ కాలం లిమిటేషన్‌లో లెక్కకి రాదు. అంతకంటే తక్కువైతే మామూలు సివిల్ కోర్టు.

డేటా దింపుకున్నాక, నోటీసు కంటే ముందు, మీ జిల్లా మందుల డిస్ట్రిబ్యూటర్ల సంఘంలో అదే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎంతమందో కనుక్కోండి. పది ఏజెన్సీలు లెటర్‌హెడ్ల మీద "రిజిస్టరు ఫలానా తేదీలోగా తిరిగి పెట్టకపోతే రెన్యూ చేయం" అని ఒకేసారి రాస్తే, నా నోటీసు కంటే ముందు దానికే జవాబు వస్తుంది.

చివరిగా, మానేసిన గుమస్తా గారిని వెళ్లి కలవండి. ప్రతినెలా ఆ రిజిస్టరు ప్రింట్ తీసి, రిటర్న్ సరుకు కట్టించింది ఆయనే అయ్యుంటారు. పాత రిజిస్టరు ఏమేం చూపించేదో, ఏ రోజు నుంచి ఆగిపోయిందో సాక్ష్యం చెప్పగలిగింది ఆయనొక్కరే. తేదీ ఉన్న పాత ప్రింట్లు, వాటి మీద ఆయన టిక్కులు, పొట్టి సంతకాలు ఏ అట్టపెట్టెలోనో ఉంటాయి. నా ఆఫీసుకి వచ్చేటప్పుడు ఆ పెట్టె తీసుకురండి, వీలైతే ఆయన్ని కూడా.