కొత్త ఫాదర్ వచ్చారు, పాత ఫాదర్ గుర్తొస్తున్నారు

ప్రశ్న: మాది నలభై కుటుంబాల చిన్న విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక సంఘం, పారిష్). ఎనిమిదేళ్లు మాతో ఉన్న ఫాదర్ గారిని ఉన్నట్టుండి మార్చేశారు. కొత్త ఫాదర్ గారు వచ్చిన రెండో ఆదివారమే పూజ (మాస్) టైము మార్చారు, పాటల బృందాన్ని పక్కన పెట్టారు. సంతకాలు పెట్టి బిషప్ గారికి పంపుదామని కొందరు పట్టుబడుతున్నారు. పంపితే పాత ఫాదర్ గారు తిరిగి వస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: దాదాపు రారమ్మా. ఆశ పెట్టి తర్వాత కాదనడం నాకు ఇష్టం లేదు.

మార్పు వెనక ఒక పద్ధతి ఉంది, అది మనకు కనిపించదు, అందుకే ‘ఉన్నట్టుండి’ అనిపిస్తుంది. ఇప్పుడున్న కానన్ చట్టం, అంటే కతోలిక సభ చట్టం, 1983లో వచ్చింది. అందులో 522వ నియమం ప్రకారం విచారణ గురువుకు, అంటే విచారణ బాధ్యత చూసే ఫాదర్ గారికి, స్థిరత్వం ఉండాలి, గడువు లేకుండా నియమించాలి. ఇన్నేళ్లు అని గడువు పెట్టాలంటే ఆ దేశపు బిషప్పుల సమాఖ్య డిక్రీ ద్వారా అనుమతించి ఉండాలి. గడువు ముగియని ఫాదర్ గారిని వేరే చోటికి పంపాలంటే బిషప్ గారు ముందు ఆయనకు రాతపూర్వకంగా చెప్పి ఒప్పించాలి. ఆయన ఒప్పుకోకపోతే కారణాలు రాసివ్వవచ్చు, అప్పుడు బిషప్ గారు మరో ఇద్దరు విచారణ గురువులతో కలిసి వాటిని పరిశీలించాలి (1748వ నియమం నుంచి వరసగా చదవండి). అయితే చాలామంది ఫాదర్లు అంతదూరం పోరు. గురుపట్టాభిషేకం రోజున, అంటే ఫాదర్ అయిన రోజున, బిషప్‌కు విధేయులుగా ఉంటామని మాటిచ్చి వచ్చినవాళ్లు కదా. అంటే మీ పాత ఫాదర్ గారు బహుశా తలూపే వెళ్లి ఉంటారు, ఆయన పేరు మీద మీరు పోరాడితే ఇబ్బంది పడేది ఆయనే.

ఉత్తరం రాసే హక్కు మాత్రం మీకుంది, 212వ నియమం ఆ మాటే చెబుతుంది. రాయండి, కానీ ‘పాతాయన కావాలి’ అని కాదు. మారిన పూజ టైముకి ఎవరు రాలేకపోతున్నారు, ఎందుకు రాలేకపోతున్నారు, అది రాయండి. అదీ ముందు కొత్త ఫాదర్ గారి చేతికే ఇవ్వండి, ఆయన వినకపోతే ఆ తర్వాత పైకి. విచారణ మండలి ఉంటే అక్కడ పెట్టండి, అయితే మండలిది సలహా మాత్రమే, ఆయన దానికి కట్టుబడాలని లేదు (536). పాటల బృందం సంగతి నాకు కొంచెం అనుమానంగానే ఉంది. పక్కన పెట్టారా, లేక కొత్త పాటలు నేర్చుకోమంటే వీళ్లే అలిగారా?

ఇంకోటి. ఎనిమిదేళ్ల కిందట ఈ పాత ఫాదర్ గారే కొత్తగా వచ్చినప్పుడు అంతకు ముందాయన కోసం మీలో ఎవరెవరు ఏడ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి ఆత్మశాంతికి మూడు పూజలకు కానుక ఇచ్చాం. ఒకటి అయ్యాక ఫాదర్ గారు మారిపోయారు. మిగతా రెండూ పోయినట్టేనా? అడగడానికి మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మొహమాటం ఎందుకండీ, ఆయన జేబుకు ఇచ్చిన అప్పు కాదు కదా అది. పూజ కానుకలు తీసుకునే ప్రతి విచారణలోనూ ఒక పుస్తకం ఉండాలి, ఎన్ని పూజలు, ఎవరి కోసం, ఎంత ఇచ్చారు, పూజ అయిందా లేదా అన్నీ అందులో రాయాలి (958). కానుక సొమ్ము తన తప్పు లేకుండా పోయినా సరే, ఒప్పుకున్న పూజ బాధ్యత పోదు (949). ఆ పుస్తకం చూడమని కొత్త ఫాదర్ గారిని అడగండి. అందులో ఎక్కకపోతే పాత ఫాదర్ గారికే ఒక ఫోను చేయండి, గుర్తుంటే అక్కడే పెట్టేస్తారు. ఈసారి ఇచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర చేతిలో పెట్టేసి రాకుండా, పుస్తకంలో రాసేదాకా నిలబడండి.

ప్రశ్న: మాకు ఫాదర్ గారు నెలకోసారే వస్తారు. మిగతా ఆదివారాలు గుడి మూసేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూయక్కర్లేదు. గురువు లేని చోట వాక్య ఆరాధన జరుపుకోండని 1248వ నియమమే గట్టిగా చెబుతోంది. బిషప్ గారి అనుమతి ఉన్నవారు అప్పటికే ఉంచిన సత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) పంచవచ్చు. పూజ, పాప సంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం), రోగుల అభ్యంగనం (నూనె పూసి ప్రార్థించడం) మాత్రం గురువు చేయాల్సిందే. అందుకే ఆయన వచ్చే ఆ ఒక్క రోజుకి మంచాన ఉన్నవాళ్ల పేర్లు ముందే రాసిపెట్టుకోండి. లేకపోతే ఆ పూటంతా మీటింగుల్లోనే అయిపోతుంది.

ప్రశ్న: నాకు జ్ఞానస్నానం ఇచ్చిన పాత ఫాదర్ గారే నా పెళ్లి కూడా చేయాలని కోరిక. ఆయన సరేనన్నారు. కొత్త ఫాదర్ గారికి చెప్పాలా?
– త్వరలో పెళ్లికూతురు

జవాబు: తప్పకుండా చెప్పాలి తల్లీ, ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. బదిలీ అయ్యాక ఆ విచారణలో పెళ్లి జరిపించే అధికారం పాత ఫాదర్ గారికి ఉండదు. ఇప్పటి విచారణ గురువో బిషప్ గారో ఆయన పేరు చెప్పి, ఫలానా పెళ్లికి అని అధికారం అప్పగించాలి (1111). అది లేకుండా జరిగితే కానన్ చట్టప్రకారం ఆ పెళ్లి చెల్లదు, పూలు, పాటలు, ఫొటోలు ఎంత బాగున్నా. నోటిమాటతో వదిలేయకుండా కాగితం మీద తీసుకోండి, పెళ్లి రిజిస్టర్లో కూడా అది ఎక్కేలా చూసుకోండి. కొత్త ఫాదర్ గారు కాదంటారని భయపడుతున్నారేమో, నేను చూసినంతలో ముందే వెళ్లి అడిగితే చాలామంది సంతోషంగానే ఇస్తారు. పెళ్లికి వారం ముందు ఎవరో చెబితే తెలిసినప్పుడే మొహం మాడ్చుకుంటారు. తేదీ ఖాయం చేసుకోకముందే వెళ్లండి.