తక్కువ ఇంటి పన్ను చూసి ఊరు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. ఇల్లు కొందామని రెండు ఊళ్లు చూశాం. ఒకచోట ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 12,000 డాలర్లు, ఇంకోచోట 13,400. టీచర్లు, పోలీసుల పెన్షన్ల వల్ల ఇక్కడి పన్నులకు అంతుండదని, పెన్సిల్వేనియాకి వెళ్లిపొమ్మని ఆఫీసులో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు టీచర్ల సంగతి. ఇంటి పన్నులో పెద్ద భాగం స్కూళ్లకే పోతుంది కాబట్టి వాళ్ల పెన్షన్ కూడా అందులోదే అనుకుంటారు. కాదండీ. న్యూజెర్సీలో ఆ పెన్షన్‌కు ఉద్యోగమిచ్చినవాళ్ల తరఫు వాటా కట్టేది రాష్ట్ర ప్రభుత్వం. ఏళ్ల తరబడి ఆ వాటాకు కోత పెడుతూ వచ్చి, 2022 ఆర్థిక సంవత్సరంలో గానీ మళ్లీ పూర్తిగా కట్టలేదు. ఆ భారం రాష్ట్ర పన్నుల మీద పడుతుంది, మీరు ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. పెన్సిల్వేనియాలో మాత్రం స్థానిక స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్టే, తానిచ్చే జీతాల మొత్తంలో 30 శాతానికి పైగా పెన్షన్ నిధికి కడుతుంది. రాష్ట్రం సగమో, ఇంకాస్త ఎక్కువో తిరిగిస్తుంది. మిగతాది ఊళ్లో వాళ్లే భరించాలి. పెన్షన్‌కి భయపడి అక్కడికి వెళ్లడంలో అర్థం లేదు.

పోలీసులు, టౌన్ ఉద్యోగుల పెన్షన్ వాటా ఇక్కడ ఊరే కట్టాలి. నా బెంగ దానికన్నా హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఎక్కువ. రాష్ట్ర పథకంలో ఉన్న స్థానిక సంస్థలకు 2023లో ప్రీమియం ఒక్కసారే 20 శాతానికి పైగా పెరిగింది. పన్ను పెంపు 2 శాతం దాటకూడదని 2010 చట్టం ఉంది కదా అంటారేమో. ఆ పరిమితి ఊరి మొత్తం వసూలుకే, మీ ఒక్క ఇంటి బిల్లుకు కాదు. పైగా పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చులు అంతకు మించి పెరిగితే దానికి మినహాయింపు ఉంది.

అందుకే ఈ ఏడాది బిల్లొక్కటే చూడకండి. ప్రతి ఊరూ 'యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్' అని ఒకటి వెబ్‌సైట్‌లో పెడుతుంది. రెండు ఊళ్లవీ మూడేళ్లవి దించుకోండి. పెన్షన్, ఇన్సూరెన్స్ ఖర్చులు చూశాక, ఉద్యోగులు వాడుకోని సెలవుల బాకీ ఉన్న పేజీ దగ్గర ఆగండి. వాళ్లు రిటైరయ్యేటప్పుడు ఇవ్వాల్సిన డబ్బెంత, దానికోసం పక్కన పెట్టిందెంత అన్నది అక్కడే తెలుస్తుంది. మంచులో రోడ్లు బాగుచేసిన మనుషులు పనిచేసి సంపాదించుకున్న సొమ్మది. ఇవ్వడం తప్పు కాదు, సమకూర్చకుండా వాయిదా వేయడమే తప్పు. మిగులు నిధులు కరిగించుకుంటూ పన్ను తక్కువగా చూపించే ఊరైతే నేను కొనమని చెప్పను. మీ 12,000 ఊరు అలాంటిదని తేలితే 13,400 ఊరే నయం.

12,000 ఏటా 4 శాతం పెరిగితే పదేళ్లకు 17,700 దాటుతుంది. అంటే నెలకు దాదాపు 480 డాలర్లు అదనం. లోన్ వడ్డీ ఫిక్స్‌డ్ అయినా, వాయిదాతో పాటు ఇంటి పన్ను కోసం వసూలు చేసే సొమ్ము (ఎస్క్రో) పెరగడం ఆగదు. నెల వాయిదా మోయగలమా అని చూసుకునేటప్పుడు ఈ పదో ఏటి అంకె వేసి చూడండి. ఫెడరల్ రిటర్న్‌లో రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి 2025లో 40,000 డాలర్లకు పెరిగిన మాట నిజమే. 2030లో అది మళ్లీ 10,000కు దిగుతుంది, దాన్ని నమ్ముకుని పెద్ద ఇంటికి వెళ్లకండి.

సంతకం పెట్టే ముందు, ఆ ఊళ్లో చివరిసారి రీవాల్యుయేషన్, అంటే పన్ను కోసం ఇళ్లన్నిటికీ కొత్తగా విలువ కట్టడం, ఎప్పుడు జరిగిందో ఊరి అసెసర్ ఆఫీసులో అడగండి. చాలా ఏళ్లయి ఉంటే, కొత్త విలువ కట్టిన ఏడాది మీ వాటా మారిపోవచ్చు.